తూటా పేలిన తర్వాత

నిన్న పొద్దెక్కాక ఇంటికి చేరాను. భుజాలు ఇంకా పీకుతున్నాయి. ఇది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జరిగిన వేట సంగతి. భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఇక్కడ మాత్రం లైసెన్సు తీసుకుని, నిర్ణీత రోజుల్లో వేటాడవచ్చు.

1949 జనవరి 1 నుంచి పుట్టినవారికి వేట శిక్షణ తప్పనిసరి, పూర్తి చేశాను. ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెడితే లాటరీలో మ్యూల్ డీర్ అనే రకం జింకను వేటాడే లైసెన్సు వచ్చింది. వేసవంతా గురి సాధన చేశాను. ఇవన్నీ తేలికే.

వాహనంలో తిరుగుతూ రోడ్డు పక్కన కొమ్ముల జింకల కోసం వెతికేవారంటే నాకు గౌరవం లేదు. అందుకే ఐదు కిలోమీటర్లు లోపలికి నడిచాను. మొదటి రెండు రోజులు గాలి నన్ను పట్టిచ్చింది. తెల్లవారుజామున కొండ మీది నుంచి కిందికి వీచే గాలి, ఎండ ముదిరేసరికి పైకి తిరుగుతుంది. నా వాసన తగలగానే జింకలు లేచిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకు లోయ అవతలి వాలులో మగ జింక కనిపించింది. సుమారు నూట తొంభై మీటర్ల దూరం. కాల్చాను. అది ఎగిరి తన్ని, ఓక్ పొదల్లోకి దూరింది. నేను వెంటనే లోయలోకి దిగి పరుగెత్తాను.

అదే తప్పు. అవతలి ఒడ్డు ఎక్కేసరికి ప్రతి పొదా ఒకేలా ఉంది. ఇటు నుంచి చూసినప్పుడు అంత స్పష్టంగా ఉన్న చోటు అక్కడ లేనే లేదు. గంటన్నర తిరిగాను. ఒక్క రక్తపు చుక్క కూడా కనిపించలేదు. ఒక ప్రాణిని గాయపరిచి వదిలేశానన్న తలంపుతో చేతులు వణికాయి. జీవితంలో అంత సిగ్గుపడిన సందర్భం లేదు. ఎలా కాల్చాలో నాకు అందరూ గంటలకొద్దీ నేర్పారు. కాల్చిన మరుక్షణం ఏం చేయాలో నేర్పినవారు ఒక్కరూ లేరు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

చివరికి వెనక్కి వెళ్లి నేను కాల్చిన చోటు వెతికాను. పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగు గడ్డిలో మెరుస్తూ దొరికింది. అక్కడ కూర్చుని చూస్తే జింక నిలబడిన చోటుకు సరిగ్గా పైన ఎండిపోయిన పైన్ చెట్టు కనిపించింది. ఫోటో తీశాను, దిక్సూచితో ఆ దిశ చూసుకున్నాను, పక్క కొమ్మకు నారింజ రంగు రిబ్బను కట్టాను. మీరు ఇవన్నీ చోటు వదలకముందే చేయండి. ఆ తర్వాత కనీసం అరగంట కదలకండి. తరిమితే గాయపడిన జింక ఇంకా దూరం పోతుంది.

ఆ చెట్టునే చూస్తూ నడిచాను. పసుపు పచ్చని ఓక్ ఆకు మీద మినపగింజంత ఎర్రటి చుక్క, అందులో సన్నటి బుడగలు. బుడగలుంటే ఊపిరితిత్తులకు తగిలినట్టే, జింక ఎంతో దూరం పోదు. ముదురు రక్తమో, ఆకుపచ్చని మలినమో కనిపిస్తే మాత్రం గంటల తరబడి ఆగాలి. చుక్క కనిపించిన ప్రతి చోటా రిబ్బను కట్టాను. నాలుగు కట్టి వెనక్కి తిరిగి చూస్తే అది పోయిన దారి గీత గీసినట్టు కనిపించింది. డెబ్బై అడుగుల్లోపే, నేను రెండుసార్లు దాటిపోయిన పొద వెనక పడి ఉంది. ఎప్పుడో ప్రాణం పోయింది. పక్కన కూర్చుని ఏడ్చాను.

చీకట్లో తలదీపం వెలుగులో మాంసం కోసి, గుడ్డ సంచుల్లో చెట్టుకు వేలాడదీశాను. తినదగిన మాంసం అడవిలో వదిలేయడం ఇక్కడ నేరం. ఎవరి సాయం లేకుండా రెండు విడతల్లో మొత్తం మోసుకొచ్చాను. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను. తెల్లవారాక రెండో విడతకు వెళ్లినప్పుడు రిబ్బన్లన్నీ విప్పి జేబులో వేసుకున్నాను. మొత్తం పదకొండు.