ఆఖరి పంటు వెళ్ళేలోగా

మాది నరసాపురం. బాబాయ్‌ది గోదావరి పాయ వశిష్ఠకి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. వంతెన మీదుగా రావాలంటే చించినాడ చుట్టూ తిరగాలి. అందుకని ఇప్పటికీ పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి మాధవాయిపాలెం రేవులో దిగుతాడు. పోయిన వేసవిలో ఆదివారాలు అమ్మ, బాబాయ్, మా అమ్మాయి, నేను కలిసి కూర్చుని సినిమాలు చూడాలనుకున్నాను. టీవీలో ఏది వస్తే అది కాదు, ఒక విషయం పట్టుకుని వరసగా చూడాలని. వేసవే ఎందుకంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోతాయి, కాలవలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా బాబాయ్‌కి చేలో పని ఉండదు. అమ్మాయికీ సెలవులు.

విషయం కోసం వెతుక్కోలేదు. గోదావరే. తప్పంతా ఆ తర్వాత చేశాను. గోదావరి జిల్లాల్లో షూటింగ్ జరిగిన సినిమాలన్నీ నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెడితే నలభై దాటాయి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టు అని పిలుచుకున్న పెద్ద నిద్రగన్నేరు, 2024 ఆగస్టులో కూలిపోయిందే, ఆ ఒక్క చెట్టు కింద తీసినవే చాలా ఉన్నాయి. వాటన్నిటినీ విడుదలైన సంవత్సరం ప్రకారం పేర్చి, మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒకటి పెట్టాను.

సినిమా సగానికి వచ్చేసరికి అమ్మ అడిగింది: "గోదారి సినిమా అన్నావు, ఏదే గోదారి? పాటలో ఒకసారి కనపడి పోయింది!" ఆ పక్కన బాబాయ్ గడియారం చూసుకుంటూ ఉన్నాడు. క్లైమాక్స్ ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా లేచిపోయాడు. "చీకటి పడితే నాకు రేవులో టెన్షన్ అమ్మడూ, మిగతా కథ ఫోన్‌లో చెప్పు" అన్నాడు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. నేను ప్లాన్ వేసింది నాకోసమే తప్ప మా నలుగురి కోసం కాదు.

నోట్‌బుక్ మళ్ళీ తీశాను. అమ్మ అన్న మాటనే పరీక్షగా పెట్టుకుని ప్రతి సినిమాకీ ఒకటే ప్రశ్న వేశాను: గోదావరిని తీసేస్తే ఈ కథ నిలబడుతుందా? నిలబడితే కొట్టేయడమే. శంకరాభరణం (1980) నాకు ప్రాణం, అయినా ఆ కథ సంగీతం మీద నడుస్తుంది, నది మీద కాదు. తీసేశాను. ఏప్రిల్ 1 విడుదల (1991) కొట్టేస్తుంటే మా అమ్మాయి పెన్ను లాక్కుంది. చివరికి నాలుగు మిగిలాయి: మూగ మనసులు (1964), సాక్షి (1967), అందాల రాముడు (1973), గోదావరి (2006). నాలుగింటిలోనూ మనుషులు నీళ్ళ మీదే బతుకుతారు, కలుసుకుంటారు, దాటుతారు. అలా చూస్తే నా విషయం గోదావరి కూడా కాదు, పడవ. పంటు మీద వచ్చే మనిషితో కూర్చుని చూడడానికి అంతకన్నా ఏం కావాలి?

వరస దగ్గర మళ్ళీ ఆలోచించాను. సాక్షిని ముందు పెట్టాను. అది బాపు గారి మొదటి సినిమా, ఆయన పుట్టింది మా నరసాపురంలోనే. ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు. బల్లకట్టు నడిపే అమాయకుడు హత్య చూసి సాక్ష్యం చెప్పే కథ. బరువైనది. చివర్లో పెడితే అందరూ ఆ బరువుతోనే ఇళ్ళకి వెళ్తారు. రెండోది మూగ మనసులు. అందాల రాముడు, గోదావరి పక్కపక్కనే ఉండాలని ముందే గట్టిగా అనుకున్నాను. రెండింటిలోనూ ప్రయాణం రాజమండ్రి నుంచి భద్రాచలానికే, మధ్యలో 33 ఏళ్ళు. నెల గడిచాక చూస్తే ఆ తేడా ఎవరికీ గుర్తుండదు.

టైము పూర్తిగా మార్చేశాను. బాబాయ్ ఎండ ముదరకముందే వచ్చేస్తాడు. పదిన్నరకి సినిమా, విశ్రాంతి అని తెర మీద పడగానే భోజనాలు, తర్వాత రెండో సగం. పాత సినిమా రెండున్నర గంటలు దాటినా మూడింటికల్లా అయిపోతుంది. కాసేపు నడుం వాల్చి, టీ తాగి, వెలుతురుండగానే రేవుకి వెళ్ళొచ్చు. ఐదో ఆదివారం కావాలనే ఖాళీగా ఉంచాను. మూడో వారం పొద్దున్నే కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు, ఆ ఖాళీ అక్కరకొచ్చింది.

ప్రింటు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మూగ మనసులు నాకు ముందు దొరికిన కాపీలో ఒక పాట మధ్యలో తెగిపోయింది. ఇంకోదాంట్లో బొమ్మ టీవీ వెడల్పుకి సాగిపోయి సావిత్రి గారి ముఖం ముఖంలా లేదు. ఆ నాటి నలుపు తెలుపు బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది, టీవీ సెట్టింగుల్లో 4:3 పెట్టుకోవాలి. పక్కల నల్లగా ఉంటే ఉండనివ్వండి. వారం ముందే సినిమా మొదట్లో పది నిమిషాలు, మధ్యలో కాసేపు, చివర పది నిమిషాలు చూసుకోండి. అందరూ కూర్చున్నాక వెతుక్కోవడం మొదలుపెడితే ఆ రోజు పోయినట్టే.

మూగ మనసులు రోజున అమ్మ మాట్లాడలేదు. జమున గారు కనపడినప్పుడల్లా పమిట చెంగు కళ్ళకి అద్దుకుంది. ఇదే కథని ఈ సినిమా దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారే హిందీలో మిలన్ (1967)గా తీశారు, అదీ చూద్దామని అమ్మాయి అడిగింది కానీ అమ్మని చూశాక నేనే వద్దన్నాను. భోజనాల దగ్గర మాట వంతెనల మీదకి పోయింది. మూగ మనసులు వచ్చేనాటికి రాజమండ్రి దగ్గర నది మీద ఉన్నది 1900లో తెరిచిన హేవ్‌లాక్ రైలు వంతెన ఒక్కటే. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో గానీ రాలేదు. "మరి అవతలికి ఎలా వెళ్ళేవారు చిన్న తాతయ్యా?" అని మా అమ్మాయి అడిగింది. "రైలెక్కాలి, లేకపోతే పడవెక్కాలి. నేనిప్పుడు వచ్చినట్టే" అన్నాడు బాబాయ్. నలభై సినిమాల లిస్టుతో ఈ మాట వచ్చేది కాదు.

ఆఖరి వారం గోదావరి చూస్తున్నప్పుడు పాపికొండల మధ్య లాంచీ వెళ్తుంటే బాబాయ్ సినిమా ఆపమన్నాడు. ఆ కొండల్ని కాసేపు అలాగే చూశాడు. పోలవరం దగ్గర నదికి అడ్డంగా ప్రాజెక్టు వచ్చాక రాజమండ్రిలో ఎక్కిన లాంచీ భద్రాచలం దాకా పోయే దారి లేదు. మిగతా సగం ఎవరూ మాట్లాడకుండా చూశాం.

మూడింటికి సినిమా అయిపోయింది. ఐదింటికి అందరం కలిసి రేవుకి నడిచాం. మా అమ్మాయి చిన్న తాతయ్యతో పాటు పంటు ఎక్కి అవతలి ఒడ్డు దాకా వెళ్ళి, ఆయన్ని దింపి, అదే పంటు మీద తిరిగొచ్చింది.