దక్షిణ పసిఫిక్ మీదుగా శాంటియాగోకు: నా అనుభవం

సిడ్నీ నుంచి చిలీ రాజధాని శాంటియాగోకు నేరుగా వెళ్లే విమానానికి టికెట్ తీసుకున్నప్పుడు నన్ను ముందుగా తికమకపెట్టింది దూరం కాదు, తేదీ. జూన్‌లో ఒక సోమవారం మధ్యాహ్నం 12:30కి బయలుదేరి, పన్నెండున్నర గంటలు ప్రయాణించి, అదే సోమవారం ఉదయం 11 గంటలకు దిగుతామని అందులో ఉంది. దారిలో అంతర్జాతీయ దినరేఖను తూర్పు దిశగా దాటుతాము కనుక తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

ఆ లెక్క అర్థమైనా తిరుగు ప్రయాణం దగ్గర పొరపాటు చేశాను. శాంటియాగోలో మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరే విమానానికి సుమారు 14 గంటలు పడుతుంది కాబట్టి మర్నాడు తెల్లవారుజామున మూడింటికి దిగుతాననుకొని, ఆ ఉదయానికే సిడ్నీ నుంచి మరో విమానం బుక్ చేశాను. రెండు నగరాల మధ్య ఉన్న 14 గంటల తేడాను కలపడం మరిచాను. నిజానికి దిగేది ఆ సాయంత్రం ఐదింటికి. బయలుదేరడానికి పది రోజుల ముందు సమయాలన్నిటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రమాణ సమయంలోకి, మార్చి కాగితం మీద వరుసగా రాసుకున్నప్పుడే ఈ తప్పు బయటపడింది. రుసుము కట్టి తేదీ మార్చుకున్నాను.

దారి గురించి కూడా నాకు భయం ఉండేది. ఈ రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నా, ఆ అక్షాంశం వెంబడే వెళితే దూరం 12,700 కిలోమీటర్లు దాటుతుంది. భూగోళం మీద అతి దగ్గర దారి అయిన మహావృత్తం దక్షిణాన 60 డిగ్రీలు దాటి, అంటార్కిటికా వైపుకు వంగి, సుమారు 11,340 కిలోమీటర్లలో ముగుస్తుంది. అక్కడ దిగడానికి విమానాశ్రయాలు లేవు. ఒక ఇంజిన్ ఆగిపోయినా రెండో ఇంజిన్‌తో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలన్న నిబంధన కింద, నేను ఎక్కబోయే బోయింగ్ 787 రకం విమానానికి 2014లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 330 నిమిషాల వరకు అనుమతించిందని చదివాక నా మనసు కుదుటపడింది.

సిడ్నీలో విమానం ఎక్కే సమయానికి శాంటియాగోలో ఆదివారం రాత్రి పదిన్నర. గడియారాన్ని అప్పుడే మార్చుకొని, భోజనం కాగానే నిద్రకు ఉపక్రమించాను. ఆ దక్షిణాన జూన్‌లో పగలు చాలా చిన్నది కనుక త్వరగానే చీకటి పడి నాకు తోడ్పడింది. తిరుగు ప్రయాణంలో మాత్రం పడమటి గాలులకు ఎదురుగా ఎగరవలసి రావడంతో ఆ చివరి గంటలు నిజంగా భారంగా గడిచాయి, మర్నాటి ఉదయానికి మార్చుకున్న విమానం ఉందన్న నిశ్చింతతోనే సిడ్నీలో దిగాను.