250 అన్న తరువాత

మెయిల్ సర్వరు నడిపేవారికి 250 కంటే బరువైన అంకె లేదు. పంపే సర్వరు ఉత్తరమంతా అప్పగించి, చివర ఒక వరుసలో ఒకే ఒక్క చుక్క పెట్టి ఆగుతుంది. అవతలి సర్వరు దానికి 250 అని జవాబిచ్చిందంటే, ఆ క్షణం నుంచి ఉత్తరం పూచీ దానిదే; చేరవలసిన పెట్టెలో చేర్చాలి, చేర్చలేకపోతే ఆ సంగతి పంపినవారికి తెలపాలి. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఈమెయిల్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 821లోనే ఈ నియమానికి పునాది ఉంది. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 దానిని ఇంకా విప్పి చెప్పింది.

మా ఇంటి ఉత్తరాల కోసం ఒక చిన్న అద్దె సర్వరు మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రామును నడుపుతున్నాను. పింఛను పత్రాల విషయమై నాన్నగారు ఒక కార్యాలయానికి పంపిన ఉత్తరం అందలేదని అక్కడివారు చెప్పారు. నా సర్వరు రాసుకునే చిట్టాలో (లాగ్) మాత్రం ‘స్టేటస్=సెంట్’, అంటే పంపడమైంది అని, దాని పక్కనే 250, ఆ పక్కన వారి సర్వరు తన ఉత్తరాల వరుసలో (క్యూ) దానికి ఇచ్చిన నంబరు స్పష్టంగా ఉన్నాయి. ఉత్తరం నిజంగా మా డొమైన్‌ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఏర్పాట్లు సరిగానే ఉన్నాయి కానీ, సర్వరు మార్చినప్పుడు కొత్త ఐపీ చిరునామాకు రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఆ అంకెల చిరునామా ఏ సర్వరుదో చెప్పే నమోదు) పెట్టించలేదు. ఆ లోపం నాది. సరిచేసి మళ్లీ పంపిస్తే ఉత్తరం అందింది. అయినా, దానివల్ల అనుమానం కలిగినప్పుడు వారి సర్వరు 250 అని పుచ్చుకోకుండా, కారణం చెప్పి 550 అనే నిరాకరణ జవాబుతో గుమ్మంలోనే తిప్పి పంపి ఉంటే, నాన్నగారికి మూడు వారాల ఎదురుచూపు తప్పేది. ఒప్పుకున్న ఉత్తరాన్ని చెప్పకుండా పారవేయడం చాలా ప్రమాదకరమని 5321 కూడా హెచ్చరిస్తుంది.

అందుకే నా సర్వరులో పరీక్షలన్నీ 250 అనకముందే జరుగుతాయి. లేని చిరునామాకు వచ్చిన ఉత్తరాన్ని, గ్రహీత పేరు చెప్పగానే, లోపలి విషయం అందుకోకముందే నిరాకరిస్తుంది. ముందు పుచ్చుకుని తరువాత తిప్పి పంపే పద్ధతి నాకు సమ్మతం కాదు, ఎందుకంటే స్పామ్ పంపేవారు పెట్టే చిరునామా సాధారణంగా వేరొకరిది, ఆ తిరుగు ఉత్తరం (బౌన్స్) వెళ్లి ఏ పాపమూ ఎరుగని ఆ మనిషి మీద పడుతుంది.

4తో మొదలయ్యే జవాబుల సంగతి వేరు. అవి ‘ఇప్పుడు కాదు, మళ్లీ రా’ అంటాయి. కనీసం అరగంట విరామంతో, నాలుగైదు రోజుల పాటు ప్రయత్నించమని ప్రమాణం సూచిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ గడువు మామూలుగా ఐదు రోజులు. క్యూ ఖాళీగా కనబడాలని దానిని ఒక రోజుకు కుదించేవారున్నారు, నేను ముట్టుకోలేదు. గత నెల ఒక శుక్రవారం సాయంత్రం మా చెల్లెలు తన కళాశాలకు రాసిన ఉత్తరం, అవతలి సర్వరు పలకక, క్యూలోనే ఉండిపోయింది. శని, ఆదివారాలు ప్రతి ప్రయత్నం కిందా ‘డిఫర్డ్’ (వాయిదా) అనే పడింది. సోమవారం ఉదయం అక్కడ ఎవరో సర్వరు లేపారు కాబోలు, తొమ్మిది గంటల పది నిమిషాలకు 250 వచ్చింది.