చపాటా మిర్చి నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం: నా అనుభవం

ఆకు నుంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల సమాచారాన్ని మోసే అణువు) తీసినంత సులువుగా పండుమిర్చి నుంచి రాదు. ఎమ్మెస్సీలో టమాట ఆకుతో ఒక్క పూటలో ముగిసిన పని, పీహెచ్‌డీలో చపాటా కాయ దగ్గరికొచ్చేసరికి నన్ను నెలల తరబడి పట్టుకుంది. ఇదే పనిలోకి దిగేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నా.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పండే ఈ లావుపాటి కాయకు ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మిరప ఎరుపుకు కారణం క్యాప్సాంథిన్ అనే రంగు పదార్థం. దాన్ని తయారుచేసే ఎంజైముకు సంబంధించిన సీసీఎస్ జన్యువు కాయ పండేటప్పుడే పని మొదలుపెడుతుంది. ఏ దశలో ఎంత పనిచేస్తోందో తెలియాలంటే దాని ఎంఆర్‌ఎన్‌ఏను, అంటే ఆ జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ నకలును, కొలవాలి. కొలవాలంటే ముందు అది చెడకుండా చేతికి రావాలి.

కాయ తెంపగానే లోపల జన్యువుల పనితీరు మారడం మొదలవుతుంది. అందుకే చేనులోనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వేసేయాలి. నర్సంపేట దగ్గరి చేనుకు క్యాన్ మోసుకెళ్తే, రైతు పెద్దాయన చూడగానే గుర్తుపట్టాడు. "ఇది పశువుల దవాఖానల ఉండేది గద బిడ్డా, సూదుల కోసం?" అవును, ఎద్దు వీర్యం నిల్వ చేసేది అలాంటి క్యాన్‌లోనే. నేను పచ్చికాయ, దోరకాయ, పండుకాయ అని మూడు సంచులు పెట్టుకుంటే, దోరకాయలోనే రెండు రకాలున్నాయని ఆయన వేరుచేసి చూపించాడు. ఒకటి తొడిమ దగ్గర ఇంకా పచ్చగా ఉంది, ఇంకోటి అంతా గోధుమరంగుకు తిరిగింది. గింజలు, వాటిని పట్టుకున్న తెల్లపొర తీసేసి, కాయ తోలును ఫాయిల్‌లో చుట్టి క్యాన్‌లోకి వదిలాను.

ల్యాబులో అసలు శత్రువు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏస్ అనే ఎంజైము. మన చర్మం మీదే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏస్-ఎ అనే రకంలో నాలుగు డైసల్ఫైడ్ బంధాలుంటాయి కాబట్టి మరిగించినా చల్లారాక మళ్లీ మడత పడి పనిలోకి దిగుతుంది. ఆటోక్లేవ్‌ను (ఒత్తిడితో కూడిన ఆవిరితో శుద్ధిచేసే యంత్రం) మాత్రమే నమ్ముకోవద్దు. రోలు, రోకలిబండ ఫాయిల్ చుట్టి ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాను. నీళ్లకు ఆర్‌ఎన్‌ఏస్‌ను పనిచేయకుండా చేసే డీఈపీసీ 0.1 శాతం కలిపి రాత్రంతా ఉంచి, ఆ తర్వాత ఆటోక్లేవ్ చేశాను. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే వెంటనే మార్చాల్సిందే.

మొదట అందరూ వాడే ఫినాల్, గ్వానిడిన్ ద్రావణంతోనే తీశాను. 1987లో చామ్‌జిన్‌స్కీ, సక్కీ ప్రచురించిన పద్ధతి దానికి ఆధారం. పచ్చికాయకు పర్వాలేదు. పండుకాయ ట్యూబులో అడుగున తెల్లటి ముద్దకు బదులు జారే జిగురు వచ్చింది, నీళ్లలో కరగలేదు. ఆర్‌ఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కాంతి శోషణ నిష్పత్తుల్లో, ప్రొటీన్ కలిసిందేమో చూపే 260/280 2 దగ్గరే ఉన్నా, చక్కెరల్లాంటివి కలిశాయేమో చూపే 260/230 ఒకటి కూడా దాటలేదు. పండిన కాయలోని పెక్టిన్, ఇతర పాలీశాకరైడ్లు (చక్కెర గొలుసులు) ఆర్‌ఎన్‌ఏతో పాటే దిగిపోతున్నాయన్నమాట. 260/280 ఒక్కటే చూసి తృప్తి పడేవాళ్లు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మా గైడ్ సార్ సలహాతో సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతికి మారాను. సీటాబ్, పీవీపీ (ఫినాలిక్ పదార్థాలను పట్టుకునేది), 2 మోలార్ ఉప్పు ఉన్న బఫర్‌ను 65 డిగ్రీలకు వేడిచేసి, బీటా మెర్‌క్యాప్టోఇథనాల్ అప్పటికప్పుడు ఫ్యూమ్‌హుడ్‌లో కలపాలి. వాసన భరించలేం, హుడ్ లేకుండా చేయొద్దు. క్లోరోఫాంతో రెండుసార్లు కడిగి, లిథియం క్లోరైడ్ వేసి రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాను. లిథియం క్లోరైడ్‌తో ఆర్‌ఎన్‌ఏ దిగుతుంది, చక్కెరలు, డీఎన్‌ఏ చాలావరకు పైనే ఉండిపోతాయి. తెల్లారి పండుకాయ ట్యూబు అడుగున చిన్న తెల్లటి చుక్క కనిపించినప్పటి సంతోషం ఇంతా అంతా కాదు.

ఆర్‌ఎన్‌ఏను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద రైబోజోము ఆర్‌ఎన్‌ఏకు చెందిన 25ఎస్, 18ఎస్ బ్యాండ్లు పదునుగా వచ్చాయి, అంటే ఆర్‌ఎన్‌ఏ ముక్కలవలేదు. పచ్చికాయలో వాటి కింద సన్నటి గీతలు కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏ చెడిపోయిందని కంగారు పడొద్దు, అవి క్లోరోప్లాస్ట్ రైబోజోముల ఆర్‌ఎన్‌ఏవి. మిగిలిన కొద్దిపాటి డీఎన్‌ఏను డీఎన్‌ఏస్‌తో తొలగించి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) చేసి, పీసీఆర్‌తో సీసీఎస్ భాగాన్ని పెంచి జెల్ మీద చూశాను. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని ట్యూబు కూడా ఒకటి పెట్టాను, అందులో బ్యాండ్ రాకపోతేనే మిగతా ఫలితాన్ని నమ్మగలం. రాలేదు. సీసీఎస్ బ్యాండ్ పండుకాయలో దట్టంగా, దోరకాయలో పలచగా వచ్చింది, పచ్చికాయలో అసలు లేదు.

ఇదంతా రికార్డులో ఎక్కించి సంతకం చేయించుకున్నాను. ఇప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతుందో అంకెల్లో చెప్పే క్యూపీసీఆర్ నడుస్తోంది. దోరకాయ నమూనాల్లో అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తున్నాయి, రెండు రకాల దోరకాయలనూ ఒకే సంచిలో వేయడమే కారణమని నా అనుమానం. వచ్చే కోతకు నాలుగు సంచులు తీసుకెళ్తున్నా.