ఫ్రెంచివాళ్ల గుండె గట్టిదనం వైన్ వల్లేనా?

డాక్టర్లే చెప్పారంటూ గుండె కోసం రెడ్ వైన్ బాటిల్ కొనేవాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు. ఈ నమ్మకానికి ఊపు వచ్చింది 1991 నవంబరులో, అమెరికాలో సీబీఎస్ టీవీ ప్రసారం చేసిన ఒక కార్యక్రమంతో. వెన్న, చీజ్ దండిగా తినే ఫ్రెంచివాళ్లలో గుండెపోటు చావులు అంత తక్కువెందుకంటే, వైన్ వల్లేనని సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అన్నాడు. మరుసటి ఏడాది వైద్య పత్రిక లాన్సెట్‌లో వాదన ఇంకా గట్టిగా పెట్టాడు: రోజుకు 20-30 గ్రాముల ఆల్కహాల్ గుండెజబ్బు ముప్పును కనీసం 40 శాతం తగ్గించగలదు, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు గుంపుకట్టకుండా చూస్తుంది అని.

ఈ చిక్కుముడిని బాగా విప్పింది మాత్రం 1999లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో పరిశోధకులు మాల్కమ్ లా, నికొలస్ వాల్డ్ రాసిన వ్యాసం. అప్పట్లో ఫ్రాన్స్‌లో గుండెజబ్బు మరణాల రేటు బ్రిటన్‌లో ఉన్నదాంట్లో నాలుగో వంతు. వాళ్లు ముందు మరణ ధ్రువపత్రాలు చూశారు. గుండెజబ్బుతో పోయినవాళ్లలో కొందరిని ఫ్రెంచి డాక్టర్లు వేరే కారణాల కింద రాసేవారు. తేడాలో సుమారు 20 శాతం దీంతోనే పోతుంది. మిగతాదానికి వాళ్లు చూపించిన కారణం కాలం. 1970 వరకూ ఫ్రెంచివాళ్ల తిండిలో జంతువుల కొవ్వు నుంచి వచ్చే శక్తి 21 శాతం, బ్రిటన్‌లో 31. కొలెస్ట్రాల్ కూడా తక్కువే. 1970-80 మధ్యే ఫ్రెంచివాళ్లు బ్రిటన్‌ను అందుకున్నారు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని గుండెపోటు దాకా రావడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి, 1990లో కనిపించిన చావుల లెక్క నిజానికి పాత తిండి లెక్క. ఈ వివరణను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, కానీ వైన్ కథకంటే ఇది నాకు చాలా నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

పైగా 1960ల్లో ఒక్కో ఫ్రెంచి మనిషి ఏడాదికి తాగే వైన్ 100 లీటర్లు దాటేది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. వైనే కాపాడుతుంటే గుండెపోటు చావులు పెరగాలి. అవి తగ్గుతూనే వచ్చాయి.

వైన్‌లోని మేలంతా ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరాట్రాల్ అనే పదార్థానిదే అనేవాళ్లూ ఉన్నారు. దాని సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. రెడ్ వైన్‌లో అది లీటరుకు సగటున 2 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో మనుషులకు వందల మిల్లీగ్రాములు ఇస్తారు. 250 మిల్లీగ్రాములు వైన్ నుంచే రావాలంటే 125 లీటర్లు, అంటే దాదాపు 167 బాటిళ్లు తాగాలి. తాగినా, పేగులూ కాలేయమూ దాన్ని వెంటనే మార్చేస్తాయి, అసలు రూపంలో రక్తంలోకి చేరేది బహు తక్కువ.

మరి మితంగా తాగేవాళ్లు అసలు తాగనివాళ్లకంటే ఆరోగ్యంగా ఎందుకు కనిపిస్తారు? 'తాగనివాళ్ల' గుంపులో జబ్బుచేసి మానేసినవాళ్లూ కలిసిపోతారు, అదొకటి. రెండోది, డెన్మార్క్‌లో సూపర్‌మార్కెట్ల 35 లక్షల కొనుగోళ్లను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం. వైన్ కొన్నవాళ్ల బుట్టలో ఆలివ్‌లు, పళ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువున్న చీజ్. బీరు కొన్నవాళ్ల బుట్టలో చిప్స్, సాసేజ్‌లు, వెన్న, రెడీమేడ్ భోజనాలు. ఆ బుట్టలో మిగతావి చేసిన మేలు వైన్ ఖాతాలో పడుతోందన్నమాట.

ఫ్రెంచివాళ్ల నుంచి తీసుకోదగ్గది ఏదైనా ఉంటే అది వడ్డన. 2003లో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం రెస్టారెంట్లలో వడ్డించేవి తూకం వేసింది: పారిస్‌లో సగటున 277 గ్రాములు, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 346. అదే మెక్‌డొనాల్డ్స్‌లో పారిస్‌వాళ్లు 22 నిమిషాలు కూర్చుని తిన్నారు, ఫిలడెల్ఫియావాళ్లు 14 నిమిషాల్లో లేచిపోయారు. తక్కువ తిండి, ఎక్కువ సేపు. మన పెళ్లి బఫేలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు.

తాగేవాళ్లు గ్లాసులు కాక గ్రాములు లెక్కపెట్టుకోవాలి. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో, ఆపైన 0.8తో గుణించి 100తో భాగించండి. ఫ్రాన్స్‌లో ఒక డ్రింక్ అంటే 10 గ్రాములు, అంటే 12 శాతం వైన్ 100 మిల్లీలీటర్లు. ఇంట్లో పెద్ద గ్లాసు నింపి 250 పోసుకుంటే, 13 శాతం వైన్‌లో 26 గ్రాములు, అంటే రెండున్నర డ్రింకులు. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గు 20 గ్రాములు. ఫ్రెంచి ప్రజారోగ్య సంస్థే ఇప్పుడు వారానికి 10 డ్రింకులు మించొద్దు, రోజుకు రెండు దాటొద్దు, కొన్ని రోజులు అసలు ముట్టొద్దు అంటోంది. ఇది పైహద్దు మాత్రమే, మందు మోతాదు అనుకోకండి. వారమంతా ఆపి శనివారం ఆరు డ్రింకులు వేస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువున్నవాళ్లకు ఆల్కహాల్ వాటిని ఇంకా పెంచుతుంది, బీపీనీ పెంచుతుంది. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడేవాళ్లు తాగితే, రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగిపోయి రక్తస్రావానికి దారితీయవచ్చు. వైన్ అయినా, విస్కీ అయినా, ఆ విషయం ముందు కార్డియాలజిస్టుకు చెప్పి తీరాలి. ఇప్పటిదాకా తాగనివాళ్లు గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టనే వద్దు.