బుజ్జిది బెంగ కాదు, దురద

హన్మకొండల ఇల్లు మారినంక మా పిల్లి బుజ్జి పొట్ట నాకుడే నాకుడు. బొచ్చంత ఊడి గులాబీ తోలు బయటపడ్డది. "పాతిల్లు యాదికొచ్చి బెంగ పెట్టుకున్నదిరా" అన్నది అమ్మ.

పశువుల డాక్టర్ మాత్రం పేన్ల దువ్వెనతో తోక మొదట్ల దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి దూదితో ఒత్తిన్రు. ఎర్రగ దిగింది. బొచ్చుల పురుగులు తాగిన రక్తమట, ఛీ!

బెంగ అనుడు అల్కనే. 2006ల అచ్చయిన ఒక అధ్యయనంల, మనసు బాధతోనే నాకుతున్నయనుకున్న 21 పిల్లుల్ల 16టికి అసలు సంగతి ఒంటి రోగమే. ఉత్త మనసు బాధ రెండిటికే. పొట్టనే నాకుతుంటే మూత్రసంచి నొప్పి కూడ కావచ్చట.

ఇప్పుడు బుజ్జి మెడ మీద మందు చుక్కలు, దుప్పట్లన్నీ ఉడుకు నీళ్లల్ల. కుక్కల మందు మాత్రం పిల్లికి వాడకుండ్రి. అండ్ల పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే పానానికే ముప్పు.