పిన్‌బాల్ మెషిన్‌కు ఎంత కిరాయి అడగాలి?

హన్మకొండ హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో బర్త్‌డేలు చేసేవాళ్లు ఫోన్ చేసి ముందు అడిగేది రేటే. "అన్నా, ఆ గోలీ మెషిన్ దినానికి ఎంత?" మూడున్నర వేలు అంటాను. "గంతనా? పీచుమిఠాయి స్టాలు పదిహేను వందలకే ఇస్తున్నరు గదనే, జర చూసి చెప్పు" అంటారు. వాళ్లు అట్ల అడగడంలో తప్పేం లేదు. పైసలు పెట్టేవాళ్లు ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవాల్సిందే. కాకపోతే కిరాయికి ఇచ్చేవాడు కూడా తన రేటు ఎట్ల వచ్చిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది నోటికొచ్చిన రేటే. అందుకే నా లెక్క ఇక్కడ రాస్తున్నా. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ పనికొస్తది.

నాది హన్మకొండలో టీవీలు, యూపీఎస్‌లు బాగుచేసే షాపు. పిన్‌బాల్ అంటే వాలు బల్ల మీద దొర్లే స్టీల్ బాల్‌ను పక్కల ఉండే బటన్లు నొక్కి కొడుతూ స్కోరు తెచ్చుకునే ఆట. ఈ మెషిన్ హైదరాబాద్‌లో మూతపడిన ఒక గేమ్ సెంటర్ నుంచి వచ్చింది. అమెరికాలో తయారైనది కాబట్టి ముందు ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్లు మన 230 వోల్టులకు మార్చాల్సి వచ్చింది. కొన్నదీ, రిపేరుదీ కలిపి 2 లక్షలు. ఐదేళ్లలో ఆ డబ్బు తిరిగి రావాలని పెట్టుకున్నా, అంటే ఏడాదికి 40,000. రబ్బర్లు, బాల్స్, కాయిల్స్, ఫ్యూజులకు 18,000. గోదాం కిరాయిలో దీని వంతు నెలకు వెయ్యి చొప్పున 12,000. మొత్తం 70,000. ఏడాదికి గట్టిగా 30 గిరాకీలు వస్తాయనుకుంటే ఒక్కోదానికి 2,333 పడుతుంది. ఆ పూటంతా నేనక్కడే ఉండాలి, నా కూలి 1,200. మొత్తం 3,533 అవుతుంది, ఆ 33 వదిలేస్తా.

ఇందులో అందరికీ వింతగా అనిపించేది ఆ 18,000. "ఆడుకుంటే ఏమైతది, అరుగుతదా?" అని అడుగుతారు. అరుగుతుంది, అదీ రోజూ. లోపల తిరిగే స్టీల్ బాల్ 27 మిల్లీమీటర్లది, 80 గ్రాముల బరువు. బల్ల ఆరున్నర డిగ్రీల వాలులో ఉంటుంది. ఆ వాలు మీద బాల్ జోరుగా దిగి రబ్బరును కొట్టి, మళ్లీ పైకి లేచి ఇనుప పోస్టుకు తగులుతుంది. కొన్నాళ్లకు బాల్ నునుపు పోయి సన్నని గాట్లు పడతాయి. ఊరికే చూస్తే కనిపించవు గానీ గోరుతో రాస్తే తెలుస్తాయి. ఆ గాట్ల బాల్‌ను అట్లనే వదిలేస్తే గరుకు కాగితంలా బల్ల మీది రంగును గీకేస్తుంది. బాల్ మార్చడం చవక. బల్ల మీది బొమ్మ చెడితే మళ్లీ అట్ల గీసేవాళ్లు నాకు దొరకరు. ఒక ఫంక్షన్‌కూ ఇంకోదానికీ మధ్య నేను గంటసేపు బల్ల తుడిచి, మైనం పట్టించి, బాల్స్ ఒక్కోటి వెలుతురులో తిప్పి చూస్తా.

కాయిల్ సంగతి ఇంకోటి. ఫ్లిప్పర్ అంటే బటన్ నొక్కితే లేచి బాల్‌ను కొట్టే చిన్న రెక్క. దాన్ని లేపే కాయిల్‌లో రెండు తీగ చుట్లు ఉంటాయి, లేపడానికి బలమైనది, లేపినాక పట్టి ఉంచడానికి పలచనిది. ఫ్లిప్పర్ పూర్తిగా లేవగానే చివరన ఒక చిన్న స్విచ్ బలమైన చుట్టుకు కరెంటు ఆపేస్తుంది. ఆ స్విచ్ కొంచెం వంగినా కరెంటు ఆగదు. పిల్లలేమో బటన్ నొక్కిపట్టి నిలబడతారు. నిమిషాల్లో కాయిల్ కాలి వాసన వస్తుంది. అందుకే ఫంక్షన్లకు మనిషి లేకుండా మెషిన్ ఒక్కదాన్నే పంపను. నా కూలి తీసేసి రేటు తగ్గించమనేవాళ్లకు ఇదే చెప్తా.

ముందు నాణేలు వేసే చోట ఉండే కాయిన్ డోర్ తెరిచి మెనూలోకి పోతే ఎన్ని ఆటలు ఆడారో మెషిన్ చూపిస్తుంది. పోయేటప్పుడు ఒక రీడింగ్, వచ్చినాక ఒక రీడింగ్ రాసుకుంటా. కాలేజీ ఫెస్ట్‌లో ఒక్క రోజు ఆడే ఆట ఒక ఇంట్లో నెలంతా ఆడినా కాదు. అట్లయితే ఆటకింత అని రేటు పెట్టొచ్చు కదా అంటాడు మా తమ్ముడు. నాకు ఒప్పుదల కాలేదు. ఫంక్షన్ చేసే ఇంటి పెద్దకు ఆ రాత్రి క్యాటరింగ్, డెకరేషన్, ఫొటోలు అని ఎన్నో బిల్లులు కట్టేది ఉంటుంది. పిల్లలు ఎక్కువ ఆడారని ఇంకో వెయ్యి అడిగితే ఆయన మళ్లీ ఫోన్ చేయడు. అసలు పిల్లలు ఆడుకోవాలనే కదా తెప్పించింది! మాట్లాడుకున్న రేటు మాట్లాడుకున్నట్టే ఉండాలి. రీడింగ్ నా రబ్బర్ల లెక్క కోసమే.

రెండో రోజు కూడా అక్కడే ఉంచితే సగమే తీసుకుంటా, బిగించే పని అప్పటికే అయిపోయింది కాబట్టి. ఇంటికి నెల కిరాయి 8,200. ఏడాది ఖర్చులో ఒక నెల వంతు 5,833, దానికి నేను రెండుసార్లు వచ్చి చూసే కూలి కలిపితే వచ్చిన లెక్క అది. కానీ ఆషాఢంలోనో, మూఢంలోనో తప్ప నెలకు ఇవ్వను. మాఘమాసం ముహూర్తాల్లో రేటు పెంచమని తోటివాళ్లు చెప్తారు. పెంచను. ఆ 30 గిరాకీల్లో సీజన్‌వి ముందే లెక్కేసుకున్నా. మళ్లీ పెంచితే ఒకే ఖర్చు రెండుసార్లు వసూలు చేసినట్టు.

బండి కిరాయి వేరే. మెషిన్ వంద కిలోలకు పైనే, కాళ్లు విప్పి, పైన స్కోరు చూపించే తల మడిచినా ఇద్దరు మోయాలి. టాటా ఏస్ అతను ఎంతంటే అంతే, అతనికే ఇయ్యమంటా, మధ్యలో నేను రూపాయి వేసుకోను. కరీంనగర్ 70 కిలోమీటర్లు, అక్కడివాళ్లకు బండి కిరాయే బరువవుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తయితే హమాలీ కూడా వాళ్లదే.

ఒక జాతర దగ్గర స్టాళ్లు పెట్టే ఒకాయన కిరాయి వద్దు, వచ్చిన కాయిన్లలో సగం సగం తీసుకుందామన్నాడు. ఆ పద్ధతి తప్పేం కాదు, అమెరికాలో హోటళ్లలో, బార్లలో పెట్టే మెషిన్లకు చాలాచోట్ల అదే నడుస్తుంది. అయితే ఆయన ఎక్కువ స్కోరుకు పైసలు ప్రైజుగా పెడతానన్నాడు. నేను వెంటనే కాదన్నా. ఇదే జూదం పేరు మీద న్యూయార్క్‌లో 1942 నుంచి 1976 దాకా పిన్‌బాల్‌ను నిషేధించారు. మన దగ్గరా 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. పిల్లలు నేర్చుకుని ఆడే ఆట మీద పైసల పందెం నాకు అసలే ఇష్టం లేదు.

అడ్వాన్స్ 2,000. రబ్బరు తెగినా, బల్బు పోయినా నాదే. పైన ఉండే గ్లాసు 21 బై 43 అంగుళాల టఫెన్డ్ గ్లాసు, అంచుకు దెబ్బ తగిలితే మొత్తం పొడి అవుతుంది. అది పగిలితే మాత్రం గ్లాసు షాపు బిల్లు చూపించి అంతవరకే తీసుకుని మిగతాది వాపసు ఇస్తా.

ఎర్తింగ్ లేని చోట ఎంత ఇస్తామన్నా మెషిన్ ఆన్ చేయను. పిల్లల చేతులు రెండు పక్కలా స్టీలు పట్టీల మీదే ఉంటాయి. పోగానే టెస్టర్‌తో చూస్తా, జనరేటర్ మీద నడిచేదుంటే అది కూడా. సరిగా లేకపోతే అక్కడి ఎలక్ట్రీషియన్‌తో బాగుచేయిస్తా. అప్పటికీ కాకపోతే బండి పైసలు తప్ప మిగతాదంతా అప్పుడే తిరిగి ఇచ్చి మెషిన్ తెచ్చేసుకుంటా.